ఐసీయూలో ఆక్సిజన్ తగ్గించారంటే వైద్యం తగ్గించినట్టేనా? ఊపిరితిత్తులను కాపాడే సంకేత ప్రోటీన్లపై చర్చ

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 9.40)

సభ్యులందరికీ నమస్కారం. మా మామయ్య గారు గత నెలలో తీవ్రమైన న్యుమోనియాతో పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇప్పుడు ఇంటికి వచ్చి కోలుకుంటున్నారు కనుక ఈ ప్రశ్నను కోపంతో కాక, తెలుసుకోవాలన్న ఉద్దేశంతోనే అడుగుతున్నాను. చేర్చిన రాత్రి యంత్రం మీద ఆక్సిజన్ నూటికి నూరు శాతం పెట్టారు. తెల్లవారేసరికి దాన్ని 60కి, సాయంత్రానికి 45కి తగ్గించారు. మానిటర్ మీద సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ నిండుదల శాతం) 99 నుంచి 93కి దిగడం చూసిన మా అత్తయ్య గారు, డబ్బు కట్టడం ఆలస్యమైందని గాలి తగ్గించేశారేమోనని కన్నీళ్లు పెట్టుకున్నారు. అడిగితే డ్యూటీ డాక్టరు గారు "ఎక్కువ ఆక్సిజన్ ఊపిరితిత్తులకు విషమమ్మా" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయారు.

మాది విశాఖ. 2021 ఏప్రిల్‌లో ఇక్కడి ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకు వెళ్లడాన్ని టీవీలో చూసిన వాళ్లం. సిలిండర్ కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసిన రోజులవి. అలాంటి ఆక్సిజన్‌ను విషమంటే మాకు మింగుడుపడలేదు. అది నిజంగా విషమైతే రోజుల తరబడి దాని మీదే ఉన్నవాళ్లు ఎలా బతికి బయటపడుతున్నారు? ఊపిరితిత్తుల కణాల్లోని కొన్ని సంకేత ప్రోటీన్లు ఈ విషం నుంచి కాపాడతాయని ఒకచోట చదివాను కాని, నాకు సరిగా అర్థం కాలేదు. తెలిసినవారు వివరించగలరు.

శ్వాసకోశం (సోమవారం, రాత్రి 10.25)

మీ అత్తయ్య గారి అనుమానాన్ని నేను నెలకు రెండు మూడు సార్లైనా వింటాను. డ్యూటీ డాక్టరు చెప్పినది నిజమే. కాని అంతటి మాటను అంత తక్కువలో చెప్పకుండా ఉండవలసింది.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఆరోగ్యవంతుడి వాయుకోశాల్లో దాని పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. అదే మనిషి నూరు శాతం ఆక్సిజన్ పీలిస్తే ఆ పీడనం 660 దాకా పోతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ మామూలు గాలితోనే దాదాపు నిండిపోయి ఉంటుంది కనుక, అదనంగా పోసిన ఆక్సిజన్ వల్ల శరీరానికి కొత్తగా దక్కేది స్వల్పం, వాయుకోశం గోడ మీద పడే భారం మాత్రం ఆరు రెట్ల కంటే ఎక్కువ. జబ్బుపడిన ఊపిరితిత్తుల్లో ఈ లెక్క మారుతుంది, అందుకే మొదటి రాత్రి మీ మామయ్య గారికి నూరు శాతం అవసరమైంది. అవసరం తీరాక కూడా అలాగే ఉంచితే, ఇంకా చెడని వాయుకోశాలు ఆ భారాన్ని మోయాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మానిటర్ మీద 99 అని కనిపించినప్పుడు రక్తంలో ఆక్సిజన్ పీడనం 130 కావచ్చు, 400 కూడా కావచ్చు. తక్కువైతే ఆ అంకె పట్టిస్తుంది కాని, ఎక్కువైతే పట్టించదు. 93 దగ్గర ఉంచితే తామెక్కడ ఉన్నామో వైద్యులకు తెలుస్తుంది.

1899లోనే జేమ్స్ లోరెయిన్ స్మిత్, అధిక ఆక్సిజన్‌లో ఉంచిన చిట్టెలుకల ఊపిరితిత్తులు వాచి న్యుమోనియాలా తయారవుతాయని చూపించారు. 1945లో అమెరికాలో ఆరోగ్యవంతులైన వాలంటీర్ల చేత 24 గంటలు నూరు శాతం ఆక్సిజన్ పీల్పించినప్పుడు, పదిమందిలో ఎనిమిది మందికి పైగా రొమ్ము ఎముక వెనుక నొప్పి వచ్చింది. అది సగటున 14వ గంటకే మొదలైంది. సంకేత ప్రోటీన్ల సంగతి నాకంటే "కణశోధన" గారు బాగా చెప్పగలరు.

కణశోధన (మంగళవారం, ఉదయం 6.15)

పిలిచినందుకు ధన్యవాదాలు. నేను ప్రయోగశాల మనిషిని, రోగులను చూడను. నా మాటలను ఆ హద్దులోనే తీసుకోండి.

కణంలోని మైటోకాండ్రియాలు ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లను అందించి శక్తిని తయారు చేస్తాయి. ఆ పంపిణీలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి నేరుగా ఆక్సిజన్‌ను అంటుకుని దాన్ని కణానికి హాని చేసే సూపరాక్సైడ్‌గా మారుస్తాయి. ఇది రోజూ జరిగేదే. ఆక్సిజన్ పీడనం పెరిగే కొద్దీ ఈ దారి తప్పడమూ పెరుగుతుంది. 1954లో అర్జెంటీనా శాస్త్రవేత్త రెబెకా గెర్ష్‌మన్, ఆక్సిజన్ చేసే హాని, ఎక్స్‌రే కిరణాలు చేసే హాని ఒకే రకమైన రసాయన దారిలో నడుస్తాయని ప్రతిపాదించారు. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ సూపరాక్సైడ్‌ను తొలగించే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్‌ను గుర్తించడంతో ఆ ప్రతిపాదనకు బలం చేకూరింది. ఆ ఎంజైమ్ సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, దాన్ని కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనేవి నీరుగా మారుస్తాయి.

ఇవి పనివాళ్లు. మీరడిగిన సంకేత ప్రోటీన్లు పనివాళ్లు కావు, ఊళ్లో దండోరా వేసేవాళ్ల వంటివి. ఏ పనివాళ్లను ఎందరిని ఎప్పుడు పిలవాలో చెప్పేవి అవే. వాటిలో బాగా తెలిసినది ఎన్‌ఆర్‌ఎఫ్-2. దీన్ని 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో యూయెట్ వాయ్ కాన్ బృందం కనుగొన్నది. 1999లో జపాన్‌లో మసయుకి యమమొటో బృందం దాన్ని అదుపులో ఉంచే కీప్-1ను కనుగొన్నది. వీటి సంబంధం చాలా విచిత్రమైనది. కణం ఎన్‌ఆర్‌ఎఫ్-2ను నిరంతరం తయారు చేస్తూనే ఉంటుంది. కీప్-1 దాన్ని పుట్టీ పుట్టగానే పట్టుకుని, పారేయవలసిందన్న ముద్ర వేయించి, ముక్కలు చేసే యంత్రాంగానికి అప్పగిస్తూనే ఉంటుంది. మామూలు రోజుల్లో ఎన్‌ఆర్‌ఎఫ్-2 ఆయుష్షు ఇరవై నిమిషాలకు అటూ ఇటూ మాత్రమే. మొదటిసారి చదివినప్పుడు నాకిది శుద్ధ దుబారా అనిపించింది. అయితే కీప్-1లో గంధకం ఉన్న సిస్టీన్ అనే భాగాలు ఉన్నాయి, సూపరాక్సైడ్, పెరాక్సైడ్ వంటి ఆక్సిజన్ అవశేషాలు ముందుగా తగిలేది వాటికే. అవి తగిలిన వెంటనే కీప్-1 పట్టు సడలుతుంది. అప్పుడు కొత్తగా తయారైన ఎన్‌ఆర్‌ఎఫ్-2 నేరుగా కేంద్రకంలోకి వెళ్లి, గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని తయారు చేసే జన్యువులను, హీమ్ ఆక్సిజనేజ్-1 అనే రక్షక ఎంజైమ్ జన్యువును, ఇంకా ఎన్నో రక్షక జన్యువులను ఒకేసారి మేల్కొలుపుతుంది. దండోరా వేసేవాడిని ఎప్పుడూ గుమ్మంలో సిద్ధంగా ఉంచుకోవడానికి కణం చెల్లించే ధర ఆ దుబారా.

ఊపిరితిత్తులతో దీనికున్న సంబంధం 2002లో తేలింది. ఆక్సిజన్‌కు తేలిగ్గా లొంగిపోయే జాతి చిట్టెలుకలను, తట్టుకునే జాతి చిట్టెలుకలను కలిపి సంతతిని పరీక్షించిన హై-యూన్ చో, స్టీవెన్ క్లీబర్గర్ బృందం, తేడాకు కారణమైన ప్రాంతం రెండో క్రోమోజోమ్ మీద, సరిగ్గా ఎన్‌ఆర్‌ఎఫ్-2 జన్యువు ఉన్నచోట ఉందని చూపించింది. ఆ జన్యువును తీసేసిన చిట్టెలుకల ఊపిరితిత్తుల్లోకి అధిక ఆక్సిజన్‌లో నీరు మరింత ఎక్కువగా ఊరింది.

సందేహి (మంగళవారం, ఉదయం 8.50)

వివరణ బాగుంది. కాని ప్రతిసారీ ఇదే జరుగుతుంది: చిట్టెలుకలో ఒక ప్రోటీన్ దొరుకుతుంది, మరుసటి వారానికి దాని పేరుతో ఒక గుళిక అమ్మకానికి వస్తుంది. ఎన్‌ఆర్‌ఎఫ్-2ను పెంచుతుందంటూ బ్రకోలి మొలకల పొడిని మా వీధి మందుల షాపులోనే అమ్ముతున్నారు. ఈ సంకేతం అంత మంచిదైతే, వెంటిలేటర్ మీదున్న ప్రతి రోగికీ ఆ మందు ఎందుకు ఇవ్వడం లేదు?

కణశోధన (మంగళవారం, మధ్యాహ్నం 1.05)

న్యాయమైన ప్రశ్న. బ్రకోలిలో ఉండే సల్ఫొరాఫేన్, ప్రయోగశాల పాత్రలో కీప్-1 పట్టు సడలించే మాట నిజం. అయితే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉన్నవారికి దాన్ని నోటి ద్వారా ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. వారి ఊపిరితిత్తుల కణాల్లో ఎన్‌ఆర్‌ఎఫ్-2 పని పెరిగిన జాడ కనిపించలేదు. కనుక ఆ పొడి కొనకండి. ఇంకొక ప్రమాదమూ ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్నింటిలో కీప్-1 జన్యువు చెడిపోయి ఉంటుంది. ఎన్‌ఆర్‌ఎఫ్-2 నిరంతరం మేల్కొని ఉండడం ఆ కణాలకు కవచమై, మందులకు లొంగకుండా చేస్తుంది. దండోరా రాత్రింబవళ్లు మోగితే దొంగలు కూడా దాన్నే వాడుకుంటారు.

మందు ఎందుకు లేదన్నదానికి నా జవాబు వేళకు సంబంధించినది. 1974లో క్రాపో, టియర్నీ ఎలుకలను ఏడు రోజులు 85 శాతం ఆక్సిజన్‌లో ఉంచి, తర్వాత నూరు శాతంలోకి మార్చారు. నేరుగా నూరు శాతంలో పెట్టిన ఎలుకలు సాధారణంగా మూడు రోజుల్లో చనిపోతాయి, ముందుగా 85 శాతానికి అలవాటుపడినవి తట్టుకున్నాయి. వాటి ఊపిరితిత్తుల్లో సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ పెరిగి ఉంది. 1978లో లీ ఫ్రాంక్ బృందం ఇంకా వింతైన సంగతి చూసింది: బ్యాక్టీరియా గోడలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషాన్ని కొద్దిగా ఎక్కించిన ఎలుకలు ఆక్సిజన్‌ను బాగా తట్టుకున్నాయి. ఒక విషం ఇంకో విషం నుంచి ఎలా కాపాడుతుంది? కాపాడినది ఎండోటాక్సిన్ కాదు, దానికి బదులుగా శరీరం విడుదల చేసిన సంకేతాలు. 1987లో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, ఇంటర్‌ల్యూకిన్-1 అనే రెండు ప్రోటీన్లను ముందుగా ఇచ్చినా ఎలుకలకు అదే రక్షణ దొరికింది. మరుసటి ఏడాది, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ మైటోకాండ్రియాలో ఉండే మాంగనీస్ రకం సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను పెంచుతుందని వాంగ్, గోడెల్ చూపించారు. అక్కడికి గొలుసులో రెండు కొసలూ కలిశాయి.

ఆ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో జాక్ ఎలియాస్ బృందం, ఊపిరితిత్తుల్లో ఇంటర్‌ల్యూకిన్-11 ఎక్కువగా తయారయ్యే చిట్టెలుకలను పెంచి, 1998లో ఫలితాలు ప్రకటించింది. మామూలు చిట్టెలుకలు నూరు శాతం ఆక్సిజన్‌లో నాలుగైదు రోజుల్లో చనిపోగా ఇవి చాలా ఎక్కువ రోజులు బతికాయి, వాటి కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతినడం తగ్గింది. 2000లో ఇంటర్‌ల్యూకిన్-6తోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. విశేషమేమిటంటే, ఈ చిట్టెలుకల్లో ఎక్కువగా కనిపించిన మార్పు విషాన్ని తుడిచే ఎంజైమ్‌లలో కాదు. దెబ్బతిన్న కణం తనను తాను చంపుకోకుండా ఆపే బీసీఎల్-2 కుటుంబపు ప్రోటీన్లలో. అంటే దండోరా రెండు రకాల కబుర్లు మోస్తుంది. ఒకటి "చెత్త ఊడ్వండి" అని, ఇంకొకటి "ఇంకాసేపు ఓర్చుకోండి, చావకండి" అని. స్టాట్-3, ఏకేటీ అనే ప్రోటీన్లు ఈ రెండో కబురును కణం లోపలికి చేరవేసేవి. ఎప్పుడూ చురుగ్గా ఉండే ఏకేటీని ఊపిరితిత్తుల్లో ప్రవేశపెట్టిన చిట్టెలుకలు ఆక్సిజన్‌లో ఆలస్యంగా చనిపోయాయని 2001లో తేలింది.

వీటన్నింటిలోనూ రక్షణ ముందుగా అందింది. రోగి విషయంలో మనకు తెలిసేసరికే గాయం మొదలై ఉంటుంది. అప్పుడు సంకేతం పంపడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

రాత్రిడ్యూటీ (మంగళవారం, సాయంత్రం 5.30)

నేను తెలంగాణలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మీరు చెబుతున్న రసాయనం మాకు పుస్తకంలో కాక వార్డులో కనిపిస్తుంది. కలుపు మందు పారాక్వాట్ తాగి వచ్చే యువకులను మేము ఎంతోమందిని చూశాము. వాళ్లకు ఊపిరాడకపోయినా వెంటనే ఆక్సిజన్ పెట్టవద్దని, సాచురేషన్ బాగా పడిపోయాకనే పెట్టమని మాకు చెబుతారు. తల్లిదండ్రులు "మాస్కు పెట్టమ్మా" అని కాళ్లా వేళ్లా పడుతుంటే ఆ మాట వివరించడం ఎంత కష్టమో చెప్పలేను. అసలు కారణం ఇదేనా?

కణశోధన (మంగళవారం, రాత్రి 8.10)

అవునండీ, ఇదే. పారాక్వాట్‌ను ఊపిరితిత్తుల కణాలు తమకు కావలసిన పాలీఎమీన్లనుకుని లోపలికి లాక్కుంటాయి. అందుకే రక్తంలో కంటే అక్కడ ఎక్కువగా పోగవుతుంది. కణంలో ఎలక్ట్రాన్లను మోసే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నుంచి అది ఒక ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది, సూపరాక్సైడ్ పుడుతుంది, తాను మళ్లీ మొదటి రూపానికి వచ్చి ఇంకో ఎలక్ట్రాన్ కోసం తిరిగి వెళుతుంది. తాను ఖర్చు కాకుండా తిరుగుతూనే ఉండే గానుగ అది. ఆక్సిజన్ ఎక్కువగా పోస్తే ఆ గానుగ వేగంగా తిరుగుతుంది. పైగా గ్లూటాథయోన్‌ను తిరిగి పనికొచ్చేలా చేయడానికి కావలసినదీ ఎన్‌ఏడీపీహెచ్చే. దాన్ని ఈ విషం ముందే తినేస్తుంది కనుక ఎన్‌ఆర్‌ఎఫ్-2 ఎంత మేల్కొన్నా పనివాళ్ల చేతుల్లో పనిముట్లు ఉండవు. దీనికి విరుగుడు మందు లేదు.

పసివార్డు (మంగళవారం, రాత్రి 10.40)

నవజాత శిశువుల వైద్యం చేస్తాను. మా విభాగం ఈ పాఠాన్ని చాలా ఎక్కువ మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1940లలో నెలలు నిండని శిశువులకు ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చిన దేశాల్లో వేలమంది పిల్లలు చూపు కోల్పోయారు. కారణం ఆక్సిజనేనని 1950లలో నిర్ధారణ అయింది. 1967లో విలియం నార్త్‌వే బృందం, అధిక ఆక్సిజన్‌తో వెంటిలేటర్ మీద ఉన్న నెలలు నిండని శిశువుల్లో ఒక కొత్త ఊపిరితిత్తుల వ్యాధిని వర్ణించింది. ఇప్పుడు దాన్ని మేము బీపీడీ అంటాము.

గర్భంలో శిశువు ఊపిరితిత్తుల్లో రక్షక ఎంజైమ్‌లు బాగా పెరిగేది ఆఖరి వారాల్లోనే. అందువల్ల 26 వారాలకు పుట్టిన బిడ్డకు మామూలు గాలి కూడా గర్భంతో పోలిస్తే అధిక ఆక్సిజనే. పనివాళ్లను మేమే పంపుదామని, తయారు చేసిన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను శ్వాసనాళంలో వేసి చూసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. బీపీడీ తగ్గలేదు, కాని ఆ పిల్లలకు ఏడాది వయసు వచ్చేసరికి శ్వాస ఇబ్బందులు కొంత తక్కువగా కనిపించాయి. విటమిన్ ఎ ఇంజెక్షన్లు మాత్రం 1999 నాటి పరీక్షలో మరణం లేదా బీపీడీని 62 నుంచి 55 శాతానికి తగ్గించాయి.

ఊపిరితిత్తులు పంపే ప్రతి సంకేతమూ మంచిది కాదన్న సంగతి కూడా ఈ చర్చలో రావాలి. యాంజియోపాయిటిన్-2 అనే ప్రోటీన్ అధిక ఆక్సిజన్‌లో పెరిగి, రక్తనాళాల గోడలను వదులు చేసి, గాయాన్ని పెంచుతుందని వినీత్ భండారి, ఎలియాస్ బృందం 2006లో చూపించారు. దాన్ని లేకుండా చేసిన చిట్టెలుకలకే గాయం తగ్గింది.

సందేహి (బుధవారం, ఉదయం 7.20)

ఇప్పుడు నా అసలు ప్రశ్న. బ్రిటన్‌లో వెంటిలేటర్ మీదున్న సుమారు 16,500 మందితో చేసి, 2025లో ఫలితాలు ప్రకటించిన యూకే-రాక్స్ పరీక్షలో, సాచురేషన్ 90 దగ్గర ఉంచినవారికీ, మామూలు పద్ధతిలో ఆక్సిజన్ ఇచ్చినవారికీ 90 రోజుల మరణాల్లో తేడా రాలేదు. మరి గోదారిగట్టు గారి అత్తయ్య గారిని అంతలా ఏడిపించి ఆక్సిజన్ తగ్గించడం ఎందుకు? ఇదంతా చిట్టెలుకల కథేనా?

శ్వాసకోశం (బుధవారం, మధ్యాహ్నం 2.15)

మీరు చెప్పిన ఫలితం సరైనదే, దాన్ని పక్కన పెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. 2018లో పాతిక పరీక్షలను, పదహారు వేలకు పైగా రోగులను కలిపి చూసిన విశ్లేషణ, ధారాళంగా ఆక్సిజన్ ఇవ్వడం వల్ల మరణాలు పెరుగుతాయన్నది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగి 2020లో వెలువడిన ఐసీయూ-రాక్స్ పరీక్షలో తేడా రాలేదు, ఇప్పుడు యూకే-రాక్స్‌లోనూ రాలేదు. కాని ఆ పరీక్షల్లో మామూలు పద్ధతి అంటే రోగిని రోజుల తరబడి నూరు శాతంలో ముంచి ఉంచడం కాదు; ఆ అలవాటు అక్కడ ఎప్పుడో తగ్గిపోయింది. అవి కొద్దిగా తక్కువను, కొద్దిగా ఎక్కువతో పోల్చాయి. 90కీ 96కీ తేడా లేదంటే నేను నమ్ముతాను. 45 శాతానికీ నూరు శాతానికీ తేడా లేదని మాత్రం అవి చెప్పలేదు.

సంకేత ప్రోటీన్లను మందుగా మార్చడంలో మాకు ఎదురైన దెబ్బ కూడా చెబుతాను. కెరటినోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను ముందుగా శ్వాసనాళంలో వేస్తే ఎలుకలు ఆక్సిజన్‌ను తట్టుకున్నాయని 1995లో తేలింది. దాన్ని ఊపిరితిత్తులు అప్పటికే తీవ్రంగా దెబ్బతిన్న రోగులకు ఇచ్చి చూసిన ఉత్తర ఐర్లండ్ పరీక్ష 2017లో వెలువడింది. మేలు జరగలేదు సరికదా, మందు తీసుకున్నవారు వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజులు తగ్గాయి. కణశోధన గారు చెప్పిన వేళ సంగతి ఇక్కడ రోగుల విషయంలోనే కనిపించింది. కనుక ఈ రోజున ఆ ప్రోటీన్లకు మేము చేయగల సాయం, వాటి మీద మోయలేనంత పని పడకుండా చూడడమే. అందుకే మీటను తిప్పి తగ్గిస్తాము. చాలామంది పెద్దవాళ్లకు 94 నుంచి 98, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే అవకాశం ఉన్నవారికి 88 నుంచి 92 సాచురేషన్ చాలని బ్రిటిష్ మార్గదర్శకాలు చెబుతాయి. వెంటిలేటర్ మీద మేము 92, 93తోనూ సరిపెట్టుకుంటాము.

గోదారిగట్టు (బుధవారం, రాత్రి 9.05)

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ టపాలన్నీ అత్తయ్య గారికి చదివి వినిపించాను. ఫలితం మాత్రం తలకిందులైంది. మామయ్య గారికి ఇంట్లో కాన్సంట్రేటర్‌తో ముక్కు గొట్టం ద్వారా నిమిషానికి రెండు లీటర్లు పెడుతున్నాము. "విషమన్నారు కదా" అని ఆవిడ మధ్యాహ్నం దాన్ని రెండు గంటలు ఆపేశారు. ఏం చెప్పమంటారు?

శ్వాసకోశం (బుధవారం, రాత్రి 9.20)

వెంటనే తిరిగి పెట్టమని చెప్పండి. ముక్కు గొట్టంలో రెండు లీటర్లంటే ఆయన పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 28 శాతం. మనం ఇంతసేపూ మాట్లాడుకున్నది అరవై, ఎనభై, నూరు శాతాల గురించి. డాక్టరు గారు చెప్పినన్ని గంటలు, చెప్పినంతే పెట్టండి. తగ్గించాలన్నా వారినే అడగండి. ఇంట్లో ఆక్సిజన్‌తో భయపడవలసినది నిప్పు గురించి. గ్యాస్ పొయ్యి, అగరువత్తులు, దీపం, సిగరెట్ ఆ గదిలో ఉండకూడదు.

గోదారిగట్టు (బుధవారం, రాత్రి 9.32)

పెట్టేశాము. ఆయన మంచం దేవుడి మందిరం ఉన్న గదిలోనే ఉంది, అక్కడ అఖండ దీపం వెలుగుతోంది. తెల్లవారేదాకా ఆగకుండా ఇప్పుడే మంచం హాల్లోకి జరుపుతున్నాము.